పక్కనుంచి చూడాల్సిన రాయి

ఫిబ్రవరి 11

బాబాయ్,

నేను బాగానే ఉన్నాను, రాళ్లు కూడా బాగానే ఉన్నాయి. ఫోను చేద్దామంటే ఇక్కడ సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు ఎక్కాలి. కష్టపడి ఎక్కినా, సాన చక్రం రొదకి నీ చెవులు ఎప్పుడో మందగించాయి, ఫోనులో మాట వినబడదు కాబట్టి ఉపయోగం లేదు. అందుకే ఈ ఉత్తరం.

కొండ మీద ఈ శిబిరానికి వచ్చి ఐదు వారాలైంది. మా ప్రయోగశాల అంటే ఒక రేకుల షెడ్డు, రెండు మైక్రోస్కోపులు, ఒక కెటిల్, యాసిడ్ పోసిన ఒక తొట్టి. మా పెద్దసారు ఏం చెప్పినా "ఊఁ" అనే అంటాడు. షెడ్డుకి నిప్పంటుకుందని చెప్పినా అంతే అంటాడని అందరికీ నమ్మకం. ఆయన్ని ఊఁ సారు అంటాం.

పోయిన వారం తొట్టిలో వేసిన తెల్లరాయి కరిగిపోయి, అడుగున నీలిరంగు పలుకులు బయటపడ్డాయి. చూడగానే అందరూ నీలాలు అని ఎగిరి గంతేశారు. మా డ్రైవరు ట్యాంకెక్కి భార్యకి ఫోను కూడా చేశాడు. పరీక్ష చేస్తే నీలం కాదని తేలింది. ఇందులో ఉన్నది బేరియం, టైటానియం, సిలికా. పేరు బెనిటోయిట్. చాలా అరుదు. నగలో పెట్టుకోదగ్గ ముక్కలు దొరికింది లోకం మొత్తం మీద ఒకే ఒక్క కొండలోనని పుస్తకాల్లో ఉంది. ఇది రెండో కొండ అవుతుందేమో మేము చెప్పాలి. దాని లక్షణాలు రాసే పని నాకిచ్చారు.

అందుకు రెండు ముక్కలు సానపట్టి చూపించాలి. ఇక్కడున్న యంత్రాలు రోడ్డు కంకరకి పనికొచ్చేవే. ఏ పొడి వాడాలి, చక్రం ఎంత వేగంగా తిప్పాలి, కాస్త రాయి. ఒకటి గుర్తుపెట్టుకో, ఇది అచ్చం నీలంలాగే ఉంటుంది కానీ నీలం కాదు. చాలామంది మోసపోతారట.

నువ్వు పొద్దున పెరట్లో కుళాయి సరిగ్గా కట్టెయ్యడం లేదని నాన్న నీకు చెప్పమన్నాడు. చెప్పాను.

గులకరాయి

ఫిబ్రవరి 19

గులకరాయికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషించాను. రెండోసారి అర్థమైంది.

ముందు పని సంగతి. నీలం కాదంటున్నావు కాబట్టి వజ్రపు పొడి సన్నరకం తీసుకో, చక్రం నెమ్మదిగా తిప్పు, నీళ్లు ఆపకు. వేడెక్కితే పగులుతుంది. ముక్క పెద్ద ముఖం పైకి వచ్చేలా లక్క పూసిన కర్రకి అతికించు, రాయి వృథా కాదు. మా గురువు నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఇక రెండో సంగతి. "అచ్చం నీలంలాగే ఉంటుంది కానీ నీలం కాదు, చాలామంది మోసపోతారు." ఈ వాక్యం మీ నాన్న చెప్పి రాయించాడా, నువ్వే రాశావా? ముప్ఫై ఒక్కేళ్లుగా ఒకే ఇంట్లో, ఆయన కింద, నేను పైన ఉంటున్నాం. నా మొహాన అనలేని మాట కొండ మీద నుంచి స్టాంపు అంటించి పంపాలా?

నేను రాయి మార్చలేదు. పెళ్లికి ముందు మీ నాన్న ఏ రాయి నా చేతిలో పెట్టాడో ఆ రాయినే సానపట్టి, ఉంగరంలో పొదిగి ఇచ్చాను. మీ అమ్మ వేలికి ఉన్నది అదే. ఆరోజు ఉంగరం చూసి, "ఇది నేనిచ్చిన రాయి కాదు" అన్నాడు. "నువ్విచ్చిందే" అన్నాను. మా గొడవ మొత్తం ఈ రెండు ముక్కలే. మూడోది ఇంతవరకు ఎవరం అనలేదు.

ఇంటి ముందున్న నా సాన కొట్టు మే నెలాఖరుకి మూసేస్తున్నాను. చెయ్యి వణుకుతోంది. బోర్డు దింపడానికి ఇద్దరు కావాలి, కూలికి ఒక మనిషిని మాట్లాడుకోవాలి. తగిలించినరోజు రెండో చివర మీ నాన్న పట్టుకున్నాడు. సొంత అన్న దగ్గర దొంగగానే బోర్డు దింపేస్తాను, అంతేగా.

కుళాయి నేను కట్టేస్తూనే ఉన్నాను. లోపల వాషరు అరిగింది. ఈ సంగతి మీ నాన్నకి చెప్పు.

నీ బాబాయి

ఫిబ్రవరి 28

బాబాయ్,

నీ ఉత్తరం చదివాను. ఇదంతా నాకు ఇప్పుడే తెలియడం, ఒట్టు. మీ ఇద్దరికీ కుళాయి దగ్గర మాటామాటా పెరిగిందని అమ్మ చెప్పేది. ఇరవై తొమ్మిదేళ్లుగా కుళాయినే నమ్ముకుని బతుకుతున్నాను. చిన్నప్పుడు దాన్ని పీకి పారేస్తే మీరిద్దరూ మాట్లాడుకుంటారేమోనని ఒకసారి రాయి పెట్టి కొట్టాను కూడా. దానికి దెబ్బలు తిన్నది నేను.

నువ్వు దొంగవంటే నేను నమ్మను. నాన్న అబద్ధం ఆడాడన్నా నమ్మలేను. అందుకని కొన్ని ప్రశ్నలు అడుగుతాను, అలగకుండా జవాబు రాయి. ఆ రాయి నాన్నకి ఎక్కడ దొరికింది? సానపట్టక ముందు ఎలా ఉంది, పట్టాక ఎలా ఉంది? చక్రం మీద ఎలా అరిగింది?

ఇంకో సంగతి, నువ్వు చెప్పినట్టే మొదటి ముక్క అతికించాను. లక్క అంతా నా వేళ్లకే అంటుకుంది. ఊఁ సారు చూసి, ఊఁ అన్నాడు.

గులకరాయి

మార్చి 8

గులకరాయికి,

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఇది చదివాక చించెయ్యి. మీ నాన్నకి అస్సలు చెప్పకు.

అప్పట్లో ఆయన క్వారీలో మందుగుండు పేల్చేవాడు కదా. ఒకరోజు పేలుడు తర్వాత రాతిముక్క ఒకటి దొరికిందని తెచ్చాడు. ఎనిమిది నెలలు భోజనం క్యారియర్ అడుగు గిన్నెలో దాచుకున్నాడు, పెళ్లికూతురికి ఉంగరం చేయించాలని. తెల్లరాతిలో ఒక పలుకు నిలువుగా దిగబడి ఉంది. అంచు మాత్రమే పైకి కనబడేది. చుట్టూ నల్లటి సన్న కడ్డీలు. ఆ అంచు నీలిరంగు చూసి నేనే నీలమనుకున్నాను. తెల్లరాయి ఒలిచేస్తే మూడు మూలల బిళ్ల వచ్చింది, బొటనవేలి గోరంత.

పెద్ద ముఖం పైకి పెట్టి చక్రానికి ఆనించాను. నీలానికి రెండు పూటలు పట్టాల్సిన పని రెండు గంటల్లో అయిపోయింది. గాజులా అరిగింది. మెరుగు పెట్టి పైనుంచి చూశాను కదా, రంగు లేదు. గ్లాసులో నీళ్లలా ఉంది.

అప్పుడు నాకేమనిపించిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అన్నయ్య నాకు గాజుముక్క ఇచ్చాడనుకున్నాను. తెల్లరాతిలో అతికించి, పైన రంగు పూసిన గాజు. క్వారీలో దొరికిందన్నది కట్టుకథ అనీ, ఎక్కడో కొని, కాబోయే భార్య ముందు గొప్ప కోసం నా చేత నీలమనిపించాలని చూశాడనీ అనుకున్నాను. మర్నాడే పెళ్లి. గాజని తెలిశాక ఇక చూసేదేముంది? అటూ ఇటూ తిప్పి చూడకుండా కింద రేకు వేసి, చుట్టూ బంగారం మూసి పొదిగేశాను. పరువు కాపాడుదామని నోరు మూసుకున్నాను. ఆయన వచ్చి, "ఇది నేనిచ్చిన రాయి కాదు" అన్నాడు. తను చేసింది నా మీదికి తోశాడనుకున్నాను.

నీకు ఊహ తెలిశాక చాలాసార్లు చెబుదామనుకున్నాను. కానీ ఏమని చెప్పను, మీ నాన్న మోసగాడనా?

వదిన రోజూ పైకి భోజనం పంపిస్తూనే ఉంది. గిన్నె అందిస్తూ ఆ ఉంగరం వేలు నా కళ్లముందే ఆడుతుంది. పెట్టేది ఆవిడే, ఏమనను.

నీ బాబాయి

మార్చి 17

బాబాయ్,

కూర్చుని చదువు. పైనున్న కుర్చీ కాలు ఊగుతుంది, కొట్టులో స్టూలు మీద కూర్చో.

మొదటి ముక్క వేడెక్కి చక్రం మీదే పగిలిపోయింది, నిన్న రెండోది సానపట్టాను. నీ రాయిలాగే అది కూడా మూడు మూలల బిళ్లే. ఈ రాయి ఎక్కువగా ఆ ఆకారంలోనే పెరుగుతుంది. నువ్వు చెప్పినట్టు పెద్ద ముఖం పైకి పెట్టాను. మెరుగు పెట్టి తెల్ల కాగితం మీద ఉంచి ఊఁ సారుని పిలిచాను. ఆయన వంగి చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. నేను చేరాక మొదటిసారి ఒక మాట మాట్లాడాడు. "రాయేదీ?" అన్నాడు.

అక్కడున్నది నీళ్లలాంటి ముక్క. డ్రైవరు నా జేబు వైపు చూశాడు. నీకు ఆరోజు ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

పట్టకారుతో ఎత్తి పక్కకి తిప్పాను. నీలిరంగు, మొదట ఎంత ఉందో అంతా.

ఈ రాయి గుణమే అది. బిళ్ల ముఖం మీద నుంచి నిటారుగా చూస్తే రంగు ఉండదు. పక్కనుంచి చూస్తే నీలంగా ఉంటుంది. నీలపురాయికి కూడా రెండు దిక్కుల్లో రంగు తేడా ఉంటుంది కానీ, ఇలా ఒక దిక్కున మాయమైపోదు. ఇక గట్టిదనం చూడు. వజ్రానికి పది అనుకుంటే నీలానికి తొమ్మిది, గాజుకి ఐదున్నర, దీనికి ఆరున్నర. నీ చక్రానికి గాజులాగే అనిపిస్తుంది మరి. నువ్వు చెప్పిన తెల్లరాయి, నల్ల కడ్డీలు, రెండూ మా రాళ్లలోనూ ఉన్నాయి. నాన్న పనిచేసిన క్వారీ ఈ కొండకి అవతలి వైపేనని ఇవాళ మ్యాపులో చూశాను. ఇప్పుడది నీళ్లతో నిండిపోయింది.

నాన్న అబద్ధం ఆడలేదు. నువ్వు మార్చలేదు. మీ గురువు నేర్పిన పాఠం ఈ ఒక్క రాయికి పనికిరాదు, అంతే.

ఉంగరంలోంచి రాయి తీసి పక్కనుంచి చూడు. నాన్నకి కూడా ఒక కార్డు రాశాను. వివరమంతా నువ్వే అమ్మ ద్వారా చెబుతావు కదా అని, "అమ్మ ఉంగరంలో రాయి బాబాయికి ఇవ్వండి, పరీక్ష చెయ్యాలి" అని మాత్రం రాశాను.

గులకరాయి

మార్చి 26

గులకరాయికి,

ఆ కార్డు రాసే బదులు ఇంటికి నిప్పు పెట్టాల్సింది.

మీ నాన్న దాన్ని నాలుగుసార్లు చదివాడని వదిన చెప్పింది. ఆయనకి అర్థమైంది ఇదీ. నేను కొట్టు మూసే ముందు పాపం కడుక్కోవడానికి, ఇన్నాళ్లూ దాచుకున్న అసలు రాయిని ఉంగరంలో పెట్టేద్దామని చూస్తున్నానట. అందుకు నిన్ను మధ్యలో పెట్టి నాటకం ఆడిస్తున్నానట. "ముప్ఫై ఒక్కేళ్లకి బుద్ధొచ్చిందా, ఉంగరం ఇవ్వనని చెప్పు" అని గట్టిగా అరిచాడు. నా చెవులకే వినబడిందంటే ఎంత గట్టిగా అరిచాడో చూడు. వదిన మెట్లెక్కి వచ్చి, "ఇవ్వరటండీ" అని చెప్పి, కూర గిన్నె పెట్టి వెళ్లింది. అయినా అది ఆవిడ వేలి నుంచి రాదు. కణుపు వాచి పదేళ్లయింది.

నువ్వు రాసింది పదిసార్లు చదివాను. నిజమే అయి ఉంటుందనిపిస్తోంది. కానీ ఒకమాట చెబుతాను, నవ్వకు. నాకు భయంగా ఉంది. తీరా తీసి చూస్తే గాజే అయితే? ఇప్పటిదాకా నేను దొంగనో కాదో మీ నాన్నకి అనుమానమే. అప్పుడు రుజువైపోతుంది. ఇంకో రెండు నెలల్లో ఎలాగూ కొట్టు మూసేస్తాను. వదిలెయ్.

వాషరు సంగతి చెప్పావా?

నీ బాబాయి

ఏప్రిల్ 4

బాబాయ్,

వదలను. వాషరు సంగతి నాన్నకి చెప్పాను, అది బాగానే ఉంది, నువ్వే సరిగ్గా తిప్పడం లేదన్నాడు.

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ వస్తుంది. ఊఁ సారు ఇచ్చాడు. మన ఇంటి కథంతా చెప్పి దీపం అరువడిగితే ఊఁ అని, తనే అట్టపెట్టె వెతికి కట్టాడు. అందులో ఒక చిన్న దీపం, రెండు జతల కళ్లద్దాలు ఉన్నాయి. ఆ దీపం నుంచి వచ్చేది కంటికి కనబడని అతినీలలోహిత కాంతి. అది పడితే మా రాయి నిప్పు రాజుకున్నట్టు నీలంగా వెలుగుతుంది. నీలపురాయి అలా వెలగదు, మామూలు గాజూ వెలగదు. ఉంగరం అమ్మ వేలి నుంచి తియ్యక్కర్లేదు. రాయి ఒక్కటే కనబడేలా చేతికి మందపాటి గుడ్డ చుట్టండి, చర్మానికి ఆ కాంతి మంచిది కాదు. కళ్లద్దాలు లేకుండా దీపం వెయ్యొద్దు. చూసేచోట చీకటి కావాలి, దుప్పటి కప్పుకుంటే చాలు.

కళ్లద్దాలు రెండే. ఒకటి నీకు, ఒకటి నాన్నకి. నువ్వొక్కడివే చూస్తే లాభం లేదు.

నాన్నకి ఈసారి పెద్ద ఉత్తరమే రాశాను. నువ్వు చించెయ్యమన్న సంగతి కూడా రాశాను, ఆయన గాజు ఇచ్చాడని నువ్వు ఇన్నాళ్లూ అనుకున్నావని. నాకు తెలుసు, చెప్పొద్దన్నావు. తిట్టుకో.

అది వెలగకపోయినా నేను నీ మాటే నమ్ముతాను. కానీ నీకు కావాల్సింది నా నమ్మకం కాదు కదా.

గులకరాయి

ఏప్రిల్ 15

గులకరాయికి,

నువ్వు నా మాట కాదని రాసిన ఉత్తరం మీ నాన్నకి సోమవారం అందింది. ఆ రోజంతా కింద తలుపు తెరవలేదు. మంగళవారం మధ్యాహ్నం కొట్టులోకి వచ్చి, స్టూలు లాక్కుని, నా ఎదురుగా కూర్చున్నాడు. వెనకే వదిన, చేతికి తువ్వాలు చుట్టుకుని. "నన్ను గాజు ఇచ్చేవాడనుకున్నాడా అని అడుగు" అన్నాడు వదినతో. వదిన నా వైపు తిరిగి, "అనుకున్నారా?" అంది. "అనుకున్నాను, ఆయన నన్ను దొంగనుకోలేదా అని అడగండి" అన్నాను. "మీరిద్దరూ ఆ దుప్పటి కప్పుకోండి, నాకు స్టవ్ మీద పాలున్నాయి" అంది.

పట్టపగలు పన్నెండింటికి, వీధిలోకి తెరిచి ఉన్న కొట్టులో, అరవై దాటిన మేమిద్దరం కళ్లద్దాలు పెట్టుకుని ఒకే దుప్పటిలో దూరాం. వదిన చెయ్యి ఒక్కటి మధ్యలో ఉంది. బయట ఎవరో తనని, లోపల ఏమిటండీ అని అడిగారని వదిన తర్వాత చెప్పింది. "మా వాళ్లే" అందట.

దీపం స్విచ్ నొక్కడానికి నాకు చెయ్యి ఆడలేదు. వణుకు వల్ల కాదు. ఆయనే చెయ్యి చాపి నొక్కాడు.

వెలిగింది. వేలి మీద నీలంగా నిప్పు రాజుకున్నట్టే ఉంది. నువ్వు ఏ మాట రాశావో అదే.

నేను ఏడ్చాను. దాచడమెందుకు. ఆ చీకట్లో ఆయన మాట్లాడతాడేమోనని ఎదురు చూశాను. అన్నాడు, "మోకాలు కాస్త తియ్యి, గుచ్చుకుంటోంది." ముప్ఫై ఒక్కేళ్ల తర్వాత నేరుగా నాతో అన్న మొదటి మాట అది. తీశాను.

తర్వాత ఉంగరం కోసి రాయి తీశాను. కొయ్యడానికి నా చెయ్యి వణికితే అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు, వదిన వేలు తెగకుండా. పట్టకారుతో రాయిని కిటికీ వెలుతురులో పక్కకి తిప్పాను. ఆ క్యారియర్ అడుగు గిన్నెలో ఉన్న రంగే. అన్నయ్య నా చేతిలోంచి తీసుకుని పైనుంచి చూశాడు, పక్కనుంచి చూశాడు, మళ్లీ పైనుంచి. పాలు పొంగిపోయే దాకా అదే పని. చివరికి, "ఇది నేనిచ్చిన రాయే" అన్నాడు. "నువ్విచ్చిందే" అన్నాను.

నీలిరంగు పైకి వచ్చేలా మళ్లీ సానపట్టమన్నాడు అన్నయ్య. అలా చేస్తే సగం రాయి పోతుంది. వదిన ఒప్పుకోలేదు. "ఇన్నేళ్లూ తెల్లగానే పెట్టుకున్నాను, నాకేం లోటు రాలేదు. మీ ఇద్దరికీ కావాలంటే పక్కన ఒక కిటికీ పెట్టండి" అంది. రేకు తీసేసి, పక్క బంగారాన్ని ఆకురాయితో అరగదీసి చిన్న సందు పెట్టాను, వేలికి సరిపోయేలా చుట్టు పెంచాను. ఇప్పుడు మీ అమ్మ ఎవరికి మంచినీళ్లు ఇచ్చినా ఆ కిటికీ కనబడేలా చెయ్యి పక్కకి తిప్పి గ్లాసు అందిస్తోంది.

దీపం తిరిగి పంపిస్తున్నాను. ఊఁ సారుకి నా నమస్కారాలు చెప్పు, ఆయన ఏమంటాడో తెలుసులే. ఈ రాయి లక్షణాల్లో ఒక వాక్యం చేర్చు. సానపట్టేవాడు మొదలుపెట్టే ముందు అన్ని వైపుల నుంచి చూడాలని. నేను చూడలేదు.

మిగతాది అన్నయ్య రాస్తానని కలం లాక్కుంటున్నాడు.

నీ బాబాయి

అమ్మాయీ,

కుళాయి విప్పి చూశాను. వాషరు అరిగిన మాట నిజమే. కొత్తది వేశాను, కారడం లేదు.

మే నెలాఖరున బోర్డు దింపడానికి కూలిమనిషిని మాట్లాడొద్దని మీ బాబాయికి చెప్పు. రెండో చివర నేను పట్టుకుంటాను. పక్కనే కూర్చున్నాడు కానీ, అలవాటు కొద్దీ నీకే రాస్తున్నాను.

నాన్న